లాకు ఆగలేదని రాసిన కాయితం

ఏలూరు పాత బస్టాండు వెనక మదార్ సైకిలు షాపు. శనివారం పొద్దున్న తొమ్మిదిన్నర. గుట్టల మీద పోటీకి తొక్కే ఫారిన్ సైకిలొకటి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో స్ప్రింగున్నది, బల్లకి ఆనించి ఉంది. మదార్ దాని ముందు కూర్చున్నాడు గానీ చేతులు పని చెయ్యడం లేదు. ఉంగుటూరు నుంచి బస్సు దిగి వచ్చిన దుర్గాభవాని అసలు కూర్చోవడమే లేదు.

"టీ వద్దు బాబాయ్ గారూ. పదకొండింటికి పాండురంగారావు గారు వచ్చేస్తారు. ఫోర్కు మళ్లీ ఎందుకు బిగించేశారు? విప్పి ఉంచమన్నారు కదండీ ఆయన."

"విప్పానమ్మా. నిన్న మధ్యాహ్నమే విప్పాను."

"మరి?"

"మళ్లీ బిగించాను."

"అదే, ఎందుకని?"

"దుమ్ము పడుద్దని."

"దుమ్మేంటండీ? జిల్లా సైక్లింగ్ అసోసియేషన్ సెక్రటరీ అంతటాయన పనిగట్టుకుని వస్తున్నారు. లోపల ఏం పాడైందో కళ్లతో చూస్తేనే సంతకం పెడతానన్నారు. ఆయన సంతకం పెడితేనే రేపు చింతలపూడిలో మళ్లీ పోటీ. దుమ్ము అంటారేంటి?"

"ముందు కూర్చో భవానీ. నువ్వలా తిరుగుతుంటే నాకు కాళ్లు పీకుతున్నాయి."

"కూర్చోలేనండీ. విప్పండి. ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు."

"అయితే మొదలెట్టండి."

"మొదలెడతాను. ఒక్కటి అడుగుతాను, చెప్పు. ఆ రోజు పోటీలో గుట్ట దగ్గర ఏం జరిగింది?"

"మళ్లీనా? ఎన్నిసార్లు చెప్పానండీ."

"ఇంకోసారి చెప్పమ్మా. నీ సొమ్మేం పోదు."

"పామాయిల్ తోట దాటగానే ఎర్రమట్టి గుట్ట ఎత్తు మొదలవుతుంది. అక్కడ ఈ మర తిప్పాలి. ఇదిగో, ఫోర్కు కుడికాలు పైన, ఈ నీలం మర. తిప్పితే లాకు పడుతుంది. ఫోర్కు కర్రలా బిగుసుకుంటుంది, తొక్కిన బలమంతా చక్రానికే పోతుంది. తిప్పకపోతే లేచి తొక్కినప్పుడల్లా ముందు భాగం దిగుతుంది, లేస్తుంది. బలమంతా అందులోనే కరిగిపోతుంది. గుట్ట దిగేటప్పుడు మళ్లీ వదిలెయ్యాలి, రాళ్ల దెబ్బ చేతులకి తగలకుండా. ఇదంతా మీకు తెలిసిందే కదండీ."

"తెలిసిందేలే. నువ్వు చెప్పు."

"తిప్పాను. ఆగలేదు. ముందు భాగం ఊగుతూనే ఉంది. వెనకొస్తున్న సలోమి నన్ను దాటేసి ఫస్టొచ్చింది. అంతే."

"తిప్పావు."

"తిప్పాను."

"ఆగలేదు."

"ఆగలేదండీ. పోలీసుల్లా అడుగుతారేంటి? మీరే కదా చూసి రాశారు. జిరాక్సు నా దగ్గరే ఉంది, చదవనా? 'ఈ సైకిలు ముందు ఫోర్కు లాకు పూర్తిగా చెడిపోయినది. బరువు పెట్టగా ఆగక కిందికి దిగిపోవుచున్నది. నలుబది సంవత్సరముల అనుభవముతో తెలియజేయుచున్నాను.' కింద మీ సంతకం. పక్కన ముద్ర."

"ముద్ర కొత్తది. ఆ కాయితం కోసమే చేయించాను."

"బాగుంది. గుండ్రంగా ఉంది."

"నా సంతకం అడిగినవాళ్లు ఇంతవరకూ లేరమ్మా. మదార్ బాగుందంటే బాగుంది, పోయిందంటే పోయింది, అంతే. మొదటిసారి కాయితం మీద రాసిమ్మన్నావు. నాకు భలే గొప్పగా అనిపించింది. అదీ నేను చేసిన తప్పు."

"తప్పేంటండీ?"

"బరువు ఎలా పెట్టానో నువ్వు అడగలేదు."

"ఎలా పెట్టారు?"

"నాకు తెలిసినట్టే పెట్టాను. కొల్లేరు నుంచి చేపలు మోసే సైకిళ్లు వస్తే ఎలా చూస్తానో అలాగ. హ్యాండిలు మీద రెండు ట్రేలు కట్టి, వాటి నిండా ఇనప సామాను వేశాను. ముందు చక్రం నడుం దాకా ఎత్తి దబ్బున వదిలేశాను. చేపల సైకిలుకి అదే పరీక్ష. గట్టు దిగి గోతిలో పడ్డా ఫోర్కు ఒంగకూడదు. ఒంగిందా, పోయినట్టే. నీ ఫోర్కు దిగిపోయింది. పోయిందని రాసేశాను."

"సరిగ్గానే చేశారు కదండీ. ఇందులో ఏముంది?"

"నిన్న విప్పితే లోపల ఏం పాడవలేదమ్మా."

"అంటే?"

"అంటే ఏం పాడవలేదు. చిన్న స్ప్రింగు, దాని మీద ఒక బిళ్ల. అరుగుదల లేదు, నూనె కారలేదు, పెట్టెలోంచి ఇప్పుడే తీసినట్టున్నాయి. నాకు బుర్ర తిరిగిపోయింది. మా అక్కకొడుకు నవాజ్ హైదరాబాదులో పెద్ద సైకిళ్ల షాపులో చేస్తున్నాడు కదా, వాడికి ఫోను చేశాను. విని నవ్వాడు."

"నవ్వడానికేముంది అందులో?"

"'మామా, అది వదిలెయ్యడానికే పెట్టారు' అన్నాడు. లాకు వేసి ఉంటే మనిషి తొక్కే బరువుకి ఆగుద్దంట. రాయి మీద దబ్బున పడితే మాత్రం ఆ బిళ్ల తెరుచుకుని తనంతట తనే వదిలేస్తుందంట. వదలకపోతే ఫోర్కే పగిలిపోద్దంట. నేను చేపల సైకిలనుకుని ఎత్తి పడేశాను. అది వదిలేసింది. చెయ్యాల్సిన పని అది చేస్తే, చెడిపోయిందని నేను రాశాను."

"నవాజ్ సైకిలు చూశాడా?"

"చూడలేదు."

"చూడకుండా ఫోన్లో ఎలా చెబుతాడండీ? మీరు కళ్లతో చూసి రాశారు, అతను హైదరాబాదులో కూర్చుని నవ్వాడు."

"అయితే నువ్వే చూద్దువు గాని, ఎక్కు. నేను వెనక పట్టుకుంటాను. మర నువ్వే తిప్పు."

"ఎందుకండీ ఇదంతా? టైమవుతోంది."

"ఎక్కమ్మా."

"ఎక్కాను. తిప్పాను."

"పెడళ్ల మీద లేచి నించో. గుట్ట ఎక్కినట్టు ఊగు."

"ఊగుతున్నాను."

"దిగుతోందా?"

"ఇంకా గట్టిగా ఊగనివ్వండి."

"ఊగు. నాకేం తొందర లేదు."

"బల్ల కదులుతోంది."

"బల్ల సంగతి వదిలెయ్. ఫోర్కు?"

"కొంచెం దిగింది. చూశారా? ఇప్పుడు దిగింది."

"అది టైరు నొక్కుకోవడం. గాలి తక్కువుంది. ఫోర్కు మీద వేలు పెట్టుకుని ఊగు."

"పెట్టాను. ఊగుతున్నాను."

"భవానీ."

"దిగట్లేదు. సరే, దిగట్లేదు. ఇప్పుడు దిగట్లేదండీ. ఆ రోజు ఎండ ఎలా ఉందో మీకు తెలీదు. నూనె వేడెక్కి పలచబడి ఉంటుంది."

"అదీ అడిగాను. అలా అవ్వదన్నాడు."

"మట్టి వెళ్లి ఉంటుంది."

"విప్పానంటున్నాను కదా తల్లీ. చిటికెడు మట్టి కూడా లేదు."

"అయితే నేనే మర తిప్పలేదేమో."

"తిప్పానన్నావు."

"తిప్పాననుకున్నానేమో. హడావుడిలో మర్చిపోయి ఉంటాను. అయ్యుండొచ్చు కదండీ? మనిషన్నాక మర్చిపోడా?"

"మర్చిపోతాడు. అయితే అదే చెబుదాం. మర తిప్పడం మర్చిపోయానని నువ్వు చెప్పు, చూసుకోకుండా రాశానని నేను చెబుతాను."

"చెబితే మళ్లీ పోటీ పెడతారా? సైకిలు పాడైతేనే మళ్లీ పోటీ. మర్చిపోతే కాదు. జిల్లా నుంచి ఒక్కళ్లే స్టేట్ మీట్‌కి వెళ్లేది. సలోమియే వెళ్తుంది. దాంతోపాటు ఈ సైకిలు కూడా వెళ్తుంది, అది మీకు తెలుసా?"

"సైకిలెక్కడికి?"

"ఇది నాది కాదండీ, అసోసియేషన్‌ది. జిల్లాకంతటికీ ఇదొక్కటే. ఎవరు ఫస్టొస్తే వాళ్ల దగ్గర ఉంటుంది. పోయినేడు నేనొచ్చాను, నాకిచ్చారు. నా చేతుల్లోంచి తీసుకెళ్లి దానికిచ్చేస్తారు. నేను మళ్లీ మా అన్నయ్య పాత సైకిలు మీద కాలవ గట్టు పట్టుకోవాలి. ఆ సైకిలుతో ఇంకెప్పుడు గెలుస్తాను?"

"సలోమి గెలిచిందిగా, మామూలు సైకిలుతో."

"ఆ మాట అనకండి."

"ఏమన్నానమ్మా? ఉన్నదే అన్నాను."

"ఆ మాట ఒక్కటి అనకండి బాబాయ్ గారూ. మా నాన్న కూడా అదే అన్నారు ఆ రోజు. 'లక్ష రూపాయల సైకిలు నీ కింద ఉంది, ఆ పిల్ల చేపల షెడ్డుకి తొక్కుకెళ్లే సైకిలు మీద వచ్చి నెగ్గింది' అని. అందరి ముందు అన్నారండీ. అప్పుడే నేను ఫోర్కు పోయిందన్నాను... ఉండండి, ఫోను. మా నాన్నే."

"మాట్లాడు."

"ఆఁ నాన్నా. వచ్చాను. షాపులోనే ఉన్నాను. ఆఁ, మదార్ గారు విప్పారు. లోపల... లోపల బాగా పోయింది నాన్నా. బిళ్ల విరిగిపోయింది. ఆఁ, ఆయనే చూపించారు. లేదు, ఇంకా రాలేదు పాండురంగారావు గారు. అమ్మకి చెప్పు, మధ్యాహ్నం వచ్చేస్తాను. ఎవరున్నారక్కడ? రైసుమిల్లు వాళ్లా? వాళ్లకెందుకు చెప్పావ్? సరే, సరే. ఉంటాను. అలా చూడకండి బాబాయ్ గారూ."

"నేను చూపించానా బిళ్ల?"

"ఆయన ఊరంతా చెప్పుకుంటున్నారండీ. మిల్లు దగ్గర పదిమందిని కూర్చోబెట్టుకుని మీ కాయితం చదివి వినిపించారంట. ఇప్పుడు ఏం పాడవలేదని చెప్పమంటారా?"

"నేనూ చెప్పాలి కదమ్మా. నాది మాత్రం పరువు కాదా? కొల్లేరు లంకల్లో ఎవడి సైకిలు చెడినా 'మదార్ ఏమన్నాడు' అంటారు. ఇవాళ పదకొండింటికి మదార్‌కి ఫోర్కంటే ఏంటో తెలీదని తేలిపోద్ది."

"తేలక్కర్లేదు."

"ఎలా తేలదు?"

"ఆ బిళ్ల తీసెయ్యండి."

"ఏంటీ?"

"తీసెయ్యండి, లేకపోతే విరగ్గొట్టండి. గంట టైముంది ఇంకా. మీ కాయితం నిజమైపోతుంది, నేను రేపు పోటీలో ఉంటాను. ఆయన చూసి సంతకం పెట్టి వెళ్లిపోతారు. సాయంత్రం కొత్త బిళ్లేదో వేసేద్దురు గాని. ఎవరికి నష్టమండీ? చెప్పండి, ఎవరికి?"

"అది నాకు తట్టలేదనుకున్నావా?"

"అంటే?"

"నిన్న మధ్యాహ్నం నుంచి ఆ బిళ్లే నా కళ్ల ముందు తిరుగుతోంది. విప్పాను, బిగించాను. మళ్లీ విప్పాను, మళ్లీ బిగించాను. మా ఆవిడ రహీమున్నీసా వచ్చి 'ఏంటి, అదే పని చేస్తున్నారు, తిండి కూడా వద్దా' అంది. కటింగ్ ప్లేయరు చేతిలో పట్టుకుని కూడా కూర్చున్నాను. చిన్న బిళ్ల. గోరంత ఉంటది. ఒక్క నొక్కు."

"మరి నొక్కలేకపోయారా?"

"చెయ్యి రాలేదు. చెడిపోయినవాటిని బాగుచేసి బతికాను. బాగున్నదాన్ని పాడుచెయ్యడం నాకు చేతకాదు. గొప్పకి చెప్పట్లేదు, సిగ్గుగానే ఉంది చెప్పడానికి. ఆ నొక్కు నొక్కి ఉంటే ఇవాళ నీతో ఇంత వాదన ఉండేది కాదు."

"మీరు చెయ్యొద్దు. నేను చేస్తాను. దేనితో విప్పుతారు, ఇటివ్వండి."

"ఇవ్వను."

"బల్ల మీద ఉన్నదేనా?"

"నేను చెప్పను."

"ఇదే. దీని మూతికి నల్ల నూనె అంటుకుని ఉంది. ముందు ఈ మర ఊడదియ్యాలా? చిన్న స్క్రూ ఉంది పక్కన. ఎటు తిప్పాలండీ?"

"చెప్పననలేదా?"

"సరే, నేనే చూసుకుంటాను. మీరు బయటికెళ్లి టీ తాగి రండి. మీరు చూడలేదు, మీకు తెలీదు."

"నా షాపులో కూర్చుని నాకే టీ తాగి రమ్మంటున్నావు."

"బాబాయ్ గారూ, దండం పెడతాను. ఒక్క పది నిమిషాలు."

"భవానీ, ఒక్కమాట. సైకిలు గుట్ట దగ్గర నుంచి వ్యానులో తిన్నగా నా దగ్గరికే వచ్చింది. దింపింది నేను. అప్పటికి ఈ మర ఎటు తిరిగి ఉందో..."

"ఎవరో వస్తున్నారు. ఆగండి, ఎవరో వస్తున్నారు."

వచ్చింది సలోమి. తన మామూలు సైకిలుని ఎడమచేత్తో నడిపించుకుంటూ వచ్చి షాపు ముందు ఆగింది. కుడి మణికట్టుకి పసుపు పట్టీ ఉంది. మదార్ లేచి నిలబడ్డాడు. భవాని చేతిలోని పనిముట్టు బల్ల మీద పెట్టలేదు.

"మదార్ గారండీ, చిన్న పనండి. ముందు బ్రేకు కుడిచేతి వైపు నుంచి ఎడమచేతి వైపుకి మార్చాలి. రేపటికి కావాలి. ఓ, నువ్వూ ఇక్కడే ఉన్నావా భవానీ?"

"ఇక్కడే ఉన్నాను. చేతికేమైంది సలోమీ?"

"గురువారం ఐసు షెడ్డులో చేపల ట్రే జారితే పట్టుకోబోయాను. మెలిక పడింది. వాపు కాస్త తగ్గిందిలే. బ్రేకు నొక్కితేనే ప్రాణం పోతోంది."

"ఈ చేత్తో గుట్ట దిగుతావా?"

"దిగాలి కదా మరి."

"నీ ఫోర్కు కదలదు. ప్రతి రాయీ తిన్నగా మణికట్టుకే తగులుతుంది. సగం దారిలో హ్యాండిలు వదిలేస్తావు."

"వదల్ను. గుడ్డ చుట్టుకుంటాను హ్యాండిలుకి."

"మతి ఉందా నీకు? గెలిచినదానివి, మళ్లీ పోటీకి రానని ఒక్క మాట అంటే అయిపోయేది. ఎందుకు ఒప్పుకున్నావసలు?"

"ఒప్పుకోవడం కాదు. నేనే అడిగాను."

"నువ్వా?"

"పాండురంగారావు గారు ముందు కుదరదనే అన్నారు. అయిపోయిన పోటీ అయిపోయినట్టే, కాయితాలతో మార్చేది కాదు అన్నారు. తర్వాత ఆ కాయితం నాకు చూపించారు. మదార్ గారి సంతకం చూశాక ఇంక నేనేమంటాను? మళ్లీ పెట్టండి సార్ అన్నాను."

"అమ్మా సలోమీ, ఆ కాయితం సంగతి..."

"మీరు ఆగండి బాబాయ్ గారూ."

"చెప్పనివ్వమ్మా భవానీ."

"మీరు ఆగండి. సలోమిని చెప్పనివ్వండి. ఎందుకు పెట్టమన్నావు సలోమీ?"

"మా లంకలో మాటలు పడలేక. గెలిచొచ్చిన రోజు మా అమ్మ వీధంతా బెల్లం పంచింది. రెండో రోజుకి ఫోర్కు కబురు వచ్చేసింది. ఇంక చూడు, షెడ్డులో అడుగుపెడితే చాలు, 'ఆ ఉంగుటూరు పిల్ల సైకిలు చెడిపోయిందంటగా, అందుకు నెగ్గావంటగా' అని. మా మేస్త్రీ అప్పారావు అయితే రోజూ అదే పాట. ఆఖరికి మా అమ్మ కూడా అడిగింది, నిజమేనా అని."

"ఏం చెప్పావు?"

"ఏం చెబుతాను? మా ఊళ్లో సైకిలు విషయంలో మదార్ గారి మాటకి తిరుగు లేదు. ఆయన పోయిందన్నాక పోయినట్టే. నిజమేనేమో అన్నాను. మా అమ్మ మొహం చూడలేకపోయాను. ఆ రోజు గుట్ట మీద నిన్ను దాటినప్పుడు నీ వైపు చూడలేదు. చూస్తే నా కాళ్లు ఆగిపోతాయని భయం. పైకెళ్లాక ఏడ్చేశాను, నేనే దాటానని. ఇప్పుడు అది నేను దాటినట్టా కాదా, నాకే తెలీదు. అది తేలకపోతే స్టేట్‌కి వెళ్లి ఏం తొక్కుతాను? అందుకే చెయ్యి ఇలా ఉన్నా వస్తున్నాను. ఓడిపోతే ఓడిపోతాను. ఆ ఓటమైనా నాది అవుద్ది."

"సలోమీ, సైకిలు ఇటివ్వమ్మా, బ్రేకు మార్చేస్తాను. కూర్చో. నీళ్లు తాగుతావా?"

"వద్దండి, షెడ్డుకి పోవాలి. రేపటికి సెలవు పెట్టాను, ఇవాళ పెట్టలేదు. ఏంటి భవానీ, నువ్వే విప్పుతున్నావా? మరమ్మతు చేస్తున్నారా దానికి?"

"చేస్తున్నారు. అంటే... చూస్తున్నారు."

"బాగైనట్టేనా? రేపైనా ఆగుద్దా లాకు? మళ్లీ ఏదో అయ్యిందంటే మూడోసారి నావల్ల కాదు."

"ఆగుతుంది."

"నిజంగా ఆగుద్దా? నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పకు."

"ఆ రోజు కూడా ఆగింది సలోమీ. గుట్ట మొదట్లోనే తిప్పాను. నువ్వు నన్ను దాటినప్పుడు కూడా అది బిగుసుకునే ఉంది."